కొండకు ఆ పక్క

చీటీ డబ్బుతో కొన్న చేతెడు బోర్డుకి
తాంబూలం డబ్బా ఇల్లు.
కార్డు మూడుసార్లు చెడింది.
మూడుసార్లూ మొదట్నించి రాసుకున్నా,
పలక తుడిచి ఓనమాలు దిద్దినట్టు.

మిద్దె మీద యాంటెన్నా మెడ విరిగితే
గుడ్డపీలికతో పుత్తూరు కట్టు కట్టినా.
కండెలు చుడతా నవ్వింది మా అత్త:
"ఎముకైతే అతుక్కుంటాది. తీగ?"

అతుక్కుంది.
పచ్చ లైటు.
చిలీ నించి ఎవరో, జపాన్ నించి ఎవరో,
మీకు వాన పడిందా అన్నారు.
నగరిలో వానేంది!

నేను వెతికేది చెంగల్రాయన్న గొంతు.
పరీక్షకి నాకు మోర్సు నేర్పినాయన,
నగరి కొండకి ఆ పక్కనే కాపరం.
ఇన్నేళ్లూ మా మాటలు
ఆ బండకి కొట్టుకుని రాలిపోయేవి.

ఏడున్నరకి కరెంటు పోయింది.
వీధి వీధంతా
మరమగ్గాలు ఒక్కసారే నోరు మూసినాయి.
లారీ బ్యాటరీ మీద డబ్బా మటుకు
కన్నార్పకుండా ఉంది.
గరగర.
మళ్లీ గరగర.
జర్మనీలో ఏ సర్వరు గడపో తొక్కి
కొండెక్కకుండానే కొండ దాటి
ఎనిమిది మైళ్ల అవతలి మాట:

"ఏం పాపా, తింటివా?"

బొత్తాం నొక్కి పట్టుకున్నా.
నోట మాట రాలేదు.
ఓవర్ అని మటుకు అన్నా.