నూట ఇరవయ్యో గీత

బండి మీటరు ఆగిపోయి మూడేళ్లు.
నలభై ఒక్క వేల ఎనిమిది వందల డెబ్బై రెండు దగ్గర
అంకెలు నిద్రపోయాయి.
అప్పట్నుంచీ నేను దూరాన్ని
క్యారియర్లతో కొలుస్తున్నా.

చీమకుర్తిలో మా వంటింటి నుంచి
రామతీర్థం క్వారీల దాకా
పొద్దున టిఫిన్లకొక తిప్పు, మధ్యాహ్నం భోజనాలకొక తిప్పు,
కలిపి రోజుకు పాతిక కిలోమీటర్లు.
ఎరువుల కొట్టువాళ్లిచ్చిన క్యాలెండరు మీద
రోజుకో పెన్సిలు గీత.
నూట ఇరవై గీతలైతే
ఇంజిను ఆయిలు మార్చాలి.
లెక్క కాలేషాది.
"మూడు వేలు దాటనీకు చెంచమ్మక్కా,
ఇది మామూలు దుమ్ము కాదు, రాతి దుమ్ము."

నూట ఇరవయ్యో గీత గీసిన రోజున
కాలేషా షెడ్డుకు తాళం.
కసుమూరు గంధానికి పోయాడంట,
నాలుగు రోజులకు గానీ రాడంట.

ఊరికే చూద్దామని
సెంటరు స్టాండు వేసి, పుల్ల తిప్పి తీసి,
పాత జాకెట్టు గుడ్డతో తుడిచి
మళ్లీ దించా, మర బిగించకుండా ఆనించి,
అచ్చం అతను చేసినట్టే.
పైకి తీస్తే
పుల్ల కొసన
ఉలవచారు అడుగంటినట్టు ఒక్క చుక్క.

కింద గచ్చు పొడిగా ఉంది. ఎక్కడా కారలేదు.
మరి ఎటు పోయింది?
ఫోను చేస్తే, ఖవాలీ హోరులోంచి అరిచాడు:
"తాగేసిందక్కా. వయసు మీద పడే కొద్దీ దాహం ఎక్కువ.
ఇంక నడపొద్దు."

నడపొద్దంటే ఎట్టా?
పొయ్యి మీద పప్పు ఉడుకుతోంది.
అక్కడ పద్నాలుగు మంది.

పదకొండు సార్లు పక్కన నిలబడి
అతని చేతులు చూశాను.
సీసా కొని పెట్టే ఉంది, ఎనిమిది వందల మిల్లీది.
ట్రాక్టరోళ్లింట్లో పదిహేడు నంబరు పానా అడిగి తెచ్చా.
నాలుగు నిమిషాలు ఇంజిను తిరగనిచ్చి ఆపి
(వేడెక్కితేనే పల్చబడి కారుద్ది)
ఆవకాయ కలిపే చెవి విరిగిన బేసిను కింద పెట్టి
బోల్టుకు పానా తగిలించా.
కదల్లేదు.
అన్నం గుండిగ వంచే భుజం ఇది,
దాన్నంతా పెట్టా.
కిర్రుమని ఒక్క మాట.

కారింది, సన్నగా, తర్వాత ఇంకా సన్నగా.
మూడు వేల కిలోమీటర్ల నలుపు
పావు లీటరు కూడా లేదు.

బోల్టు తిరిగి పెట్టబోతే
వాషరు లేదు.
అర్ధరూపాయంత అల్యూమినియం బిళ్ల.
గచ్చు మీద లేదు, చీర కుచ్చిళ్లలో లేదు.
బేసిన్లోకి తొంగిచూస్తే నా ముఖమే కనపడింది.
చెయ్యి ముంచా.
వెచ్చగా ఉంది,
జ్వరమొచ్చిన పిల్ల నుదుటంత వెచ్చగా.
అడుగున వేళ్లతో దేవులాడి
బిళ్లను పట్టుకుని ఎండలోకి ఎత్తితే

అరచేతి నిండా నలుపు,
నలుపులో సన్నటి మెరుపులు.
ఇంజిను అరిగి అరిగి రాలిన పొడి.
ఎక్కడో చూశానే అనుకున్నా.
ఎక్కడో ఏంది,
రోజూ లారీలెక్కి, గొలుసులు బిగించుకుని
కృష్ణపట్నం రేవుకు పోయే బండల్లో
ఇదే నలుపు, ఇవే చుక్కలు.
దాన్ని గెలాక్సీ అంటారు, అడుగుల లెక్కన అమ్ముతారు.
నాది బేసిన్లో పావు లీటరు,
చెదలు పట్టిన గుంజకు పూయడానికి.

వాషరు తుడిచి బోల్టు బిగించా.
మరీ బలంగా కాదు,
మర తెగుద్దని కాలేషా ఒకసారి కుర్రాణ్ణి తిట్టాడు.
ఏడొందలు కొలిచి పోశా. తేనె రంగు.
పుల్ల మీద రెండు గుర్తుల మధ్య
బుద్ధిగా నిలబడింది.
మిగిలిన వందా గేటు బందులకు, బావి గిలకకు.
క్యాలెండరు మీద కొత్తగా ఒకటో గీత గీస్తే
గీత పక్కన నా వేలిముద్ర కూడా పడింది.

ఇరవై నిమిషాలు ఆలస్యంగా క్వారీ చేరా.
కంచాలు కడుక్కుని కూర్చుని ఉన్నారు.
సబ్బు పెట్టి, ముగ్గుపిండి పెట్టి రుద్దినా
గోళ్ల సందుల్లో నలుపు పోలా.
సాంబారు పోస్తుంటే
వైరుసా మీద పనిచేసే వీరరాఘవులు
నా వేళ్ల వంక చూసి
"ఏందక్కా, నువ్వు కూడా బండ కోస్తన్నావా?" అన్నాడు.

ఇంకో అప్పడం వెయ్యనా అని అడిగా.