మైనం మీద పలువరుస

ఇరవై ఆరేళ్ళుగా ఈ నేలమాళిగ ల్యాబులో
ఊరి నోళ్ళను ప్లాస్టర్‌లో పోతపోస్తున్నాను.
ఊచ్ నగరంలో ఏ పిల్లకి
ఏ పన్ను ఏ పన్నును తోసుకుంటూ మొలిచిందో
వాళ్ళ అమ్మలకన్నా నాకే బాగా తెలుసు.
పేర్లు తెలియవు. అట్టపెట్టెల మీద అంకెలుంటాయి, అంతే.

సోమవారం పని ముగిశాక డాక్టర్ తీమోన్
(మీసం ఇంకా సరిగ్గా కుదురుకోని కుర్రాడు)
"హాల్ష్కా గారూ, ఒక్కసారి నోరు తెరవండి" అన్నాడు.
గులాబిరంగు ముద్ద, పుదీనా వాసన,
చల్లగా అంగిలి దాకా పాకింది.
కళ్ళలో నీళ్ళు తిరిగాయి.
అందరికీ తిరుగుతాయి. అందరికీ నేనే చెప్తాను, ముక్కుతో ఊపిరి తీసుకోండని.

నాకు యాభై మూడు.
మొక్కై వంగనిది మానై వంగునా?
వంగుతుందండీ, అన్నాడు.
ఎముక ఒక పక్క కరుగుతూ ఇంకో పక్క పేరుకుంటుందట,
ఏటి ఒడ్డులా.
కాస్త ఆలస్యంగా. రెండున్నరేళ్ళు. పదకొండు వేల జ్లోటీలు, మీకు కాబట్టి పది.
గసగసాల కేకు మానెయ్యాలి.
పైన ఒక పన్ను పీకాలి, మిగతావి సర్దుకోవడానికి.
తర్వాత బతికినన్నాళ్ళూ రాత్రిపూట ఒక తొడుగు.
లేకపోతే పళ్ళు పాత చోటికి నడిచొచ్చేస్తాయి.

ఈ మాట నేనే ఎందరికో చెప్పాను.
నా నోటి గురించి విన్నాక మాత్రం
కాసేపు ఇంకేమీ చెవికెక్కలేదు.

ఎడమవైపు కోరపన్ను నాది,
కిక్కిరిసిన ట్రాములో పక్కవాళ్ళ ఒళ్ళో కూర్చున్న మనిషి లాంటిది.
ఫ్రిజ్‌లో సగం కొరికిన ఆపిల్ ఎవరిదని
మా ల్యాబులో ఎవరూ అడగరు.
ముందు పళ్ళు కలవవు, దారం కొరకలేను,
కత్తెర వెతుక్కోవాలి.
నవ్వొస్తే నాకన్నా ముందు నా చెయ్యి లేస్తుంది.
విడిపోయిన రోజు కోర్టు మెట్ల మీద లెషెక్ అన్నాడు:
"పంతొమ్మిదేళ్ళలో నువ్వు నోరారా నవ్వడం చూళ్ళేదు."
అది నేరారోపణో, దిగులో
ఇప్పటికీ తేల్చుకోలేదు.

"ఇప్పుడెవరికి చూపించడానికమ్మా?" అంది బొజేనా, టీలో చెంచా తిప్పుతూ.
దారానికి, అన్నాను.
నమ్మలేదు. నేనూ పూర్తిగా నమ్మలేదు.

రాత్రి అందరూ వెళ్ళాక
నా నోటి నమూనాను బల్లకేసి బిగించాను.
సన్న రంపంతో ఒక్కో పన్నూ కోశాను.
పరాయి నోళ్ళకి వెయ్యిసార్లు చేసిన పనే,
చెయ్యి మాత్రం వణికింది.
పీకాల్సినదాన్ని పక్కన పెట్టి
మిగతావాటిని ఎర్రమైనంలో నాటాను,
తిప్పి, వంచి, వేడి కత్తితో మళ్ళీ సర్ది.
పదింపావుకి పలువరుస తయారైంది,
గీత గీసినట్టు.

బాగుంది. చాలా బాగుంది.
దుకాణం అద్దాల వెనక బొమ్మకి పెట్టొచ్చు.
నోరు పారేసుకున్న ఎవరో వచ్చి
ఇది నాదే అంటారేమోనని
అనుకోకుండా తలుపు వైపు చూశాను.

ఇంటికెళ్ళే చివరి ట్రాములో
ఎదుటి సీట్లో ఒక పిల్ల,
పళ్ళనిండా తీగలతో ఫోన్లో ఎవరితోనో పగలబడి నవ్వుతోంది.
తీగ మీద దీపాలు మెరుస్తున్నాయి, దానికేం పట్టలేదు.
పేరు తెలియదు, ఆ నోరు తెలుసు:
కింది వరస నాలుగో పన్ను, కాస్త మెలిక,
పోయిన మార్చిలో పోతపోసింది నేనే.

నన్ను చూసి నవ్వింది, ఊరికే.
నాకూ నవ్వొచ్చింది.
అలవాటుగా చెయ్యి లేచింది.
పిడికిట్లో, ఎప్పుడు తీసుకున్నానో ఏమో,
కోసి పక్కన పెట్టిన ఆ ప్లాస్టర్ పన్ను ఉంది.
పడిపోతుందేమోనని
చెయ్యి గుండె దగ్గరే ఆగిపోయింది.

దిగాల్సిన స్టాపు దాటిపోయాక
ఇంకో రెండు స్టాపులు అలాగే కూర్చున్నాను,
నోరు మూసుకోకుండా.