శకటు ముందరి బంటు

లియెపాయా ఊళ్ళో ట్రాముకి ఒకటే దారి.
నలభై ఒక్క ఏళ్ళు దాని మీదే నడిపాడు ఇల్గోనిస్.
స్టీరింగు లేని బండి.
ఎదురుగా ఏమొచ్చినా గంట కొట్టాలి, బ్రేకు వెయ్యాలి,
పక్కకి తిప్పడమంటూ లేదు.

అందుకే కాబోలు
గురువారం సాయంత్రాలు, గ్రంథాలయం మేడ మీద,
నేను తెల్లబంటును నెట్టి గుర్రాన్ని బయటికి తియ్యగానే
రాజు పక్క శకటు ముందరి బంటును
రెండు గడులు తోసేస్తాడు.
అసలు బంటు ఎప్పుడో పోయింది.
దాని చోట ఆయన పాత కోటు ఇత్తడి గుండీ.
"ప్రతిసారీ చచ్చేది అదే కదా,
గుండీ అయితే నొప్పి ఉండదు" అంటాడు.

రాజుగారే లేచి వెళ్ళి
కోట తలుపు గడియ తీసినట్టుంటుంది ఆ ఎత్తు.
మా చెల్లెలి కొడుకు మార్గెర్స్ కంప్యూటర్లో చూసి
"ఇది ఆట కాదు పెద్దమ్మా, జబ్బు" అన్నాడు.

జబ్బయితే మందుంటుంది.
నేను మందుల షాపుదాన్ని.
విరుగుడు పదమూడు ఎత్తులు.
లాటిన్ పేర్లు వల్లించినట్టు
చలికాలమంతా వల్లించాను.

ఆ గురువారం
సముద్రం మీంచి గాలి కిటికీ అద్దాలు పీకుతోంది.
ఆయన మంత్రి దిగి వచ్చింది.
మూల ఏనుగును మింగింది. చెక్.
నా రాజు ఒక మెట్టు పైకెక్కాడు.
శకటునూ మింగింది.
మింగనీ!
నాలుగు, అయిదు, తొమ్మిది... నా చెయ్యి తడబడలేదు.
ఆయన రాజు నడిబజారులో చొక్కా లేకుండా
ఇటొక గడి, అటొక గడి.
పన్నెండు. పదమూడు.

పద్నాలుగు దగ్గర పుస్తకం అయిపోయింది.

ఇంత నిశ్శబ్దం ఎప్పుడూ వినలేదు.
గెలుపు ఎక్కడో ఈ బల్ల మీదే ఉంది,
కళ్ళజోడు నెత్తిన పెట్టుకుని ఇల్లంతా వెతికినట్టు వెతికాను.
ఆయన చూపు బోర్డు మీద లేదు,
నా వేళ్ళ మీద ఉంది.
చెక్ అన్నాను. మళ్ళీ చెక్ అన్నాను.
భయపడ్డ కుక్క మొరిగినట్టు
ఇంకో రెండు చెక్‌లు.
ఆయన రాజు తాపీగా చీకట్లోకి నడిచిపోయాడు.
నా ఇంట్లో దూరిన మంత్రి మాత్రం
ఎక్కడికీ పోలేదు.

ఆటకట్టు.

కాయలన్నీ పద్నాలుగో ఎత్తుకి వెనక్కి పేర్చాడు.
"వెల్తా, ఇక్కడ చెక్ అక్కర్లేదు.
ఇదిగో, పొద్దుటి నుంచీ సాలలో కట్టేసిన నీ రెండో గుర్రం.
దీన్ని ఊరికే బయటికి తీస్తే
నేను పోయినట్టే."
ఎన్నాళ్ళ నుంచి తెలుసు?
"ట్రాము మానిన ఏడాది నుంచి."
తెలిసీ ఆడతావా?
తెగించినవాడికి తెడ్డే లింగం అనే రకం నవ్వు కాదు అది.
జేబులో చిల్లర లెక్కపెట్టుకుని
మొత్తం టీకే ఖర్చుపెట్టేసేవాడి నవ్వు.
"ఎవరికీ గుర్రం గుర్తురాదు" అన్నాడు
గుండీని చొక్కాకేసి రుద్దుతూ.

మర్నాడు షాపులో
ఎవరో ముసలావిడకి నిద్రమాత్రలు లెక్కపెడుతున్నాను.
పదకొండు, పన్నెండు, పదమూడు...
చెంచా గాల్లో ఆగిపోయింది.
ఆవిడ నన్ను చూసింది.
బయట మలుపు దగ్గర ట్రాము,
గంట కొడుతూ,
తన పట్టా మీద తాను.