ఒయార్స్ చెవులు

స్టూడియోలో ఒక బొమ్మ తల ఉంది.
కళ్ళు లేవు, నోరు లేదు,
చెవులు మాత్రం ఒయార్స్‌వి.
ఇరవై ఏళ్ళ కిందట మైనంలో అచ్చు తీసి
రబ్బరుతో పోతపోసినవి.
ఎడమ తమ్మె మీద నొక్కు కూడా అలాగే ఉంది,
చిన్నప్పుడు మంచు మీద జారిపడ్డప్పటిది.

నిన్న సాయంత్రం దాన్ని సంచిలో పెట్టుకుని
దౌగవ వంతెన దాకా నడిచాను.
ఎడమవైపు మెట్ల మీద పొగబెట్టిన చేపలమ్మే ఆవిడ
నన్నూ, తలనూ మార్చి మార్చి చూసి
దగ్గింది.
ఎదురుగా గంట కొడుతూ ట్రామ్ వచ్చింది.
రీగాలో వాన అప్పుడే వెలిసింది.

హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వింటే
ట్రామ్ ఈ చెవిన దూరి ఆ చెవిన పోయింది,
సామెతలో మాటలాగే.
నుదుటి వెనక కాసేపు ఆగింది కూడా.
ఎదుట మోగిన గంట నా వీపు వెనక మోగింది.
అరువు చెవులు కదా,
ముందూ వెనకల లెక్క ఆయనది వేరు, నాది వేరు.
తల తిప్పాను.
వంతెన, నది, చేపలావిడ నాతోపాటే తిరిగారు
నెత్తిన పెట్టుకున్న గంపలా.

రాత్రి అదే రికార్డింగు ఒయార్స్ వంటింట్లో వేశాం.
బల్ల చివర్ల రెండు పాత స్పీకర్లు.
ఎడమదాని మాట కుడి చెవిన కూడా పడుతుంది,
కుడిదాని గుట్టు ఎడమకీ తెలుస్తుంది,
గోడలు ఊరుకోవు, తలో మాటా కలుపుతాయి.
అంత నదీ
ఫ్రిజ్‌కీ కిటికీకీ మధ్య ఇరుక్కుపోయింది.
సరిగ్గా వినపడే చోటు ఒక్కటే, కుర్చీ ఒక్కటే.
జానెడు పక్కకి జరిగితే చాలు
ట్రామ్ పట్టాలు తప్పి ఫ్రిజ్‌లోకి పోతోంది.

హెడ్‌ఫోన్స్‌లో అయితే, అనబోయి ఊరుకున్నాను.
ఆయన కుడి చెవి పోయి మూడేళ్ళు.
మొన్న ఇస్తే మర్యాదకి విని
వైరు చుట్టి బల్ల మీద పెట్టాడు.
"సగం ఊరే ఉంది.
ఎటు తిరిగినా అదే సగం."

ఇప్పుడు లేచి నిలబడ్డాడు.
మళ్ళీ వెయ్యి, అన్నాడు. మళ్ళీ.
మెల్లగా తల తిప్పుతున్నాడు
గింజ ఎక్కడ పడిందో చూసే కోడిలా,
ఇటు కొంచెం, అటు కొంచెం.
ఆవిడ దగ్గు ఒక వైపు పదునెక్కుతోంది,
ఒక వైపు మొద్దుబారుతోంది.
ఆరోసారికి వేలు చూపించాడు.

ఎడమ స్పీకరు ముందు, ఉప్పు డబ్బా మీద.

నేను కుర్చీలోంచి విన్నాను.
నాకూ అక్కడే ఉంది.