కనిపెట్టు

పదింటికి సమాధానమన్న ఫోన్ చేశాడు.
జలీబ్‌లో, వాటర్ ట్యాంకరు డ్రైవర్ల గదిలో
మంచాలు గోడకి నిలబెట్టి చాపలు పరిచారట.
ముప్పైమంది.
"ఈసారి వాగ్దానపు కార్డులు రాలేదు దొర్కమ్మా,
తెచ్చే మనిషి టిక్కెట్టు రద్దయింది.
ఎవరి మాట వాళ్ళే ఏరుకోవాలి.
ఒక్కటే. ఏడాదంతా దాన్ని పట్టుకుని నడవాలి.
పన్నెండు లోపు వాయిస్ పెట్టు,
నీ పేరున చీటీ రాస్తాను."

పళ్ళెంలోంచి కళ్ళు మూసుకుని తీసినన్నాళ్ళూ
తప్పు నాది కాదు.
నిరుడు 'సమృద్ధి' వచ్చింది.
రాజోలు బ్యాంకులో గాజులు వేలానికి పోయిన నెలలో కూడా
అద్దం మీంచి దాన్ని తియ్యలేదు.
అంతకు ముందేడు 'విడుదల'.
నా పాస్‌పోర్టు ఇప్పటికీ బాబా బీరువాలో
అత్తరు సీసాల వెనక భద్రంగా ఉంది.
దేవుణ్ణి ఏమీ అనలేదు.
కార్డు అంచులు ముడుచుకుపోయాయి, అంతే.

ఇప్పుడు నన్నే ఏరుకోమంటే
చిల్లర తక్కువైనదానిలా
మాటల బండి ముందు నిలబడ్డాను.
'ఇల్లు' అందామనుకుంటే
పునాది దగ్గర ఆగినది గుర్తొచ్చి సిగ్గేసింది.
'సహనం' సరే, అది జీతంతో పాటే ఇస్తున్నారు.
'ఆనందం' నోట్లో వేసుకుని చూశాను.
ఎవరివో కట్టుడుపళ్ళు పెట్టుకున్నట్టుంది.

ఇంతలో పెద్ద మామా లేచింది.
ఎనభై ఎనిమిదేళ్ళు. కొడుకుల పేర్లు పోయాయి.
నన్ను కొన్నాళ్ళు నూరా అంటుంది, కొన్నాళ్ళు ఏమీ అనదు.
ఒక ఓడ పేరు మాత్రం పోలేదు.
ముత్యాలకి మునగబోయిన వాళ్ళ నాన్న
ఏ వేసవిలోనో తిరిగి రాలేదు.
రోజూ ఈ వేళకి దుప్పటి తోసేసి
కిటికీ వైపు తిరుగుతుంది:
"తెరచాప కనిపించిందా?"

మొదటి ఏడు, లేదు మామా, అనేదాన్ని. ఏడ్చేది.
రెండో ఏడు, వస్తున్నాడు, అన్నాను.
ఆ అబద్ధం శుక్రవారం ప్రార్థనలో మోకాళ్ళ కింద
గులకరాయిలా తగిలింది.
ఇప్పుడేమీ అనను.
కుర్చీ లాక్కుని నేనూ చూస్తాను.

అలా చూస్తుంటే వచ్చింది మాట.
ప్రసంగాల్లోంచి కాదు, మా అమ్మ నోట్లోంచి.
రొయ్యల షెడ్డుకి పోతూ
క్యారేజీ మూత బిగిస్తూ అనేది:
"చంటోణ్ణి కాస్త కనిపెట్టుకుని ఉండవే."
ఆరేళ్ళు నాకు. అప్పట్నుంచీ ఉద్యోగం అదే,
చంటివాళ్ళ వయసు మారిందంతే.

మందిరంలో అదే మాట ఇంకోలా వినపడేది.
ప్రభువు కోసం కనిపెట్టడం.
ఎప్పుడొస్తాడో చెప్పనివాడి కోసం
వత్తి తగ్గించకుండా కూర్చోవడం.
బళ్ళో మాస్టారికి మాత్రం అది బల్బు.
ఎవరు కనిపెట్టారో చెప్పకపోతే బెత్తం.

పదకొండూ యాభై రెండు.
ఫోన్ పెదాలకి ఆనించి గుసగుసగా చెప్పాను.
అన్న తిరిగి పంపాడు:
"కనిపెట్టు అంటే, దేన్నమ్మా?
వాక్యం పూర్తి చెయ్యి."
వెనకాల చప్పట్లు, ఎవరిదో ఆగని దగ్గు.
నేను పూర్తి చెయ్యలేదు.

పన్నెండుకి
షువైఖ్ రేవులో ఓడలన్నీ ఒక్కసారి కూత పెట్టాయి.
గాజు అదిరింది.
ముసలామె తలగుడ్డ సర్దుకుంది,
పెళ్ళివారొచ్చినప్పటిలా.
నా మణికట్టు పట్టుకుంది.
ఆ రాత్రి తెరచాప గురించి అడగలేదు.

కునుకు ఎప్పుడు పట్టిందో.
మెలకువ వచ్చేసరికి
ఆమె దుప్పటి సగం నా మోకాళ్ళ మీద ఉంది.
నిలబడలేని మనిషి,
మంచం మీంచి ఎలా అందిందో!
కళ్ళు తెరుచుకునే ఉన్నాయి.
కిటికీ వైపు కాదు.

హీటరు టిక్కుటిక్కుమంటోంది.
ఐదింటికి షుగరు చూడాలి.