నమూనా సంతకం

"మేడం, సంతకం కలుస్తలేదు" అన్నాడు
సనత్‌నగర్ బ్యాంకులో కుర్రాడు,
తప్పు తనదైనట్టు గొంతు తగ్గించి.

పదకొండేళ్ల నాటి కార్డు నా ముందుకు తిప్పాడు.
త్రివేణి.
త కింద ఆ క్రావడి చూడండి,
కుచ్చెళ్లు ఎత్తిపట్టుకుని
కదిలే బస్సెక్కినట్టుంది.
ఎవరీవిడ?
తెలిసినావిడే. పేరు గుర్తుంది,
చెయ్యి గుర్తులేదు.

ఇప్పుడు నా వేళ్లలో మాత్రల వణుకు.
ణకి గుడి పెట్టబోతే కలం ఆగి
దారి అడుగుతుంది.

పొద్దున మెట్రోలో ఎర్రగడ్డ రాగానే
కాలేజీ పిల్లలు ఒకణ్ణి తలుపు వైపు తోశారు:
"దిగురా, నీ స్టేషనొచ్చింది!"
పెట్టె అంతా నవ్వింది. నేనూ, కొంచెం.
తర్వాత దిగాను.
నెలకోసారి దిగుతాను.
ఓపీ చీటీ మీద నా పేరు వేరేవాళ్లు రాస్తారు,
ఓసారి త్రివేణమ్మ, ఓసారి టి. వేణి.
అన్నిటికీ పలికాను ఇన్నాళ్లూ.

"పాతదే ట్రై చేస్తరా, కొత్తది ఇస్తరా?"
చాయ్‌లో చక్కెర గురించి అడిగినంత తేలిగ్గా.

చీటీ వెనక్కి తిప్పి పాతది రెండుసార్లు గీశాను.
ఫోర్జరీలా వచ్చింది.

కొత్త కార్డులో మూడు గళ్లు.
మూడూ ఒకేలా ఉండాలట.
మొదటిది వణికింది.
రెండోది దాన్ని చూసి వణికింది.
మూడోదానికి అలవాటైంది.

కుర్రాడు వేలు పెట్టి ఒక్కోటీ చూశాడు.
"కలిసినయ్ మేడం."

రెండువేలు.
కౌంటర్ పక్కకి జరిగి లెక్కపెట్టుకున్నాను,
మళ్లీ ఓసారి.
నావే.