అర సెకను

అసహికావాలో ఏప్రిల్ ఆఖరు.
రోడ్డు అంచున మాత్రమే మంచు, అదీ మసిగుడ్డలా నల్లబడి.
కురమోచి గారి యార్డులో పక్కపక్కనే రెండు పాత కార్లు:
ఒకే ఏడాది, ఒకే ఎరుపు, ఒకే వాలు నుదురు.
ఒకదాని బానెట్‌కి మాత్రం
గాలి కోసం కోసిన చీలిక.

మినోవా అనే ఆవిడ రాత్రి డ్యూటీ దిగి తిన్నగా వచ్చింది.
ఊపిరితిత్తుల వార్డు. చెంపల మీద ఇంకా మాస్కు గీత.
"తేడా ఏమిటి?"
"అరవై గుర్రాలు, ఎనిమిది లక్షల యెన్లు" అన్నాను.
మెకానిక్‌ని, నాకొచ్చిన భాష అంతే.

ముందు మామూలుది.
నది గట్టున పోనిచ్చింది.
అడిగినంతే ఇచ్చింది బండి, అడగ్గానే ఇచ్చింది.
ఏడు వేలు తిరిగేదాకా ఒకటే గొంతు,
కొసరు లేదు, ఎగవేత లేదు.
రెండో గేరు కాస్త గీరుతుంది. దాచలేదు, చెప్పాను.

తర్వాత టర్బో.
తొక్కింది.
ఏమీ లేదు.
మళ్లీ నా వైపు చూడబోయింది, అంతలో
రేపు మాపని తిప్పించుకున్నవాడు
వడ్డీతో సహా మొహాన కొట్టినట్టు
వంతెన వచ్చి మీద పడింది.
ఆవిడ అరిచింది. అది భయం కాదు.

యార్డులో తాళం తిప్పబోతుంటే ఆపాను.
"ఒక్క నిమిషం ఉండనివ్వండి.
లోపలి చక్రం ఇంకా తిరుగుతోంది, నూనె అందాలి."
ఇద్దరం కూర్చున్నాం.
"మా దగ్గరా అంతే" అంది.
"గాలి నెట్టే మిషన్ తీసేశాక లేచి రాం.
పక్కనే కూర్చుంటాం,
తనంతట తాను పీలుస్తాడా అని."

కిటికీ స్తంభానికి రెండు స్క్రూ రంధ్రాలు.
మీటరు పీకేసిన గుర్తు.
ముందు ఓనరు ఎంత ఒత్తిడి పెట్టాడో
ఎక్కడా రాసి లేదు.
ఆవిడ చూపుడు వేలితో ఒక రంధ్రం మూసింది, తీసింది.
"మేమైతే గంట గంటకీ రాస్తాం."

మామూలుదే కొంది.
నోట్లు రెండుసార్లు లెక్కపెట్టి.

జూన్‌లో ఆయిలు మార్పించడానికి వచ్చింది.
బండి జాకీ మీద ఉంది, నా చేతులు నల్లగా ఉన్నాయి.
"అది పోయిందా?"
"లేదు. వచ్చినవాళ్లంతా ఆ రంధ్రాలే చూస్తున్నారు."
గోడ మీది తాళాల వంక చూసింది.
"కొనను" అంది, నేనేమీ అనకుండానే.
"వంతెన దాకా వెళ్లొస్తాను."

తాళం ఏ మేకుకుందో
ఆవిడకి చెప్పాల్సిన పనిలేకపోయింది.